మొద్దు కట్టిన మోటారు

మోటారు కంటే ముందు దాని చప్పుడు వచ్చేది. గట్టి కోరాబట్టను ఎవరో ఊరి ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒక్క గుంజుకు చింపినట్టు ఉండేది. అది నిర్మల్ బజారులోకి రాగానే బొమ్మలవాళ్ళ గల్లీలో ఉలి దెబ్బలు ఆగిపోయేవి. పిల్లలు కంచాలు వదిలి ఉరికేవారు. కోళ్ళు అరుగుల మీదికి ఎగిరేవి. అందరికంటే ఆలస్యంగా, సగం రంగు వేసిన చిలకను చేతిలో పట్టుకుని, అంబదాస్ గడపలోకి వచ్చి నిలబడేవాడు.

అతను భయస్తుడని గల్లీ అంతటికీ తెలుసు. బావిలోకి వంగి చూడడు. ఏనుగులను, పులులను చెక్కే ఆ చేతులు, సందులో ఎద్దు ఎదురొస్తే గోడను పట్టుకునేవి. ఆదిలాబాద్ బస్సు కొండదారిన ఘాటు ఎక్కుతుంటే కళ్ళు మూసుకుని, దిగువన లోయ ఉందన్న సంగతి లోయకే గుర్తుచేయకూడదన్నట్టు ఊపిరి బిగబట్టేవాడు. అలాంటి మనిషికి ఆ మోటారు మీద మనసు పడింది.

అది ఆదిలాబాద్‌లో పత్తి జిన్నింగు నడిపే ఒక సేటుది. జాగీర్లు పోయిన రోజుల్లో హైదరాబాద్‌లో ఏదో నవాబు దేవిడీ వాళ్ళు అమ్ముకుంటే తెచ్చుకున్నాడట. పైకప్పు లేదు. ఇద్దరికే చోటు. నేలను వాసన చూస్తున్నట్టు కిందికి వంగిన పొడుగాటి ముక్కు, సైకిల్ చక్రాల్లా పుల్లలు పుల్లలుగా ఉన్న చక్రాలు, వెన్నుకు కట్టుకున్న ఐదో చక్రం. ఒకప్పుడు ఎరుపు. ఇప్పుడు ఎండకు వెలిసి, రాలే ముందు మోదుగు పువ్వులా ఉంది.

"గది పందెంల ఉరికే మోటారు అంబదాస్ భాయ్," అని చెప్పాడు లారీ నడిపే జబ్బార్, వెనక ఇంటివాడు. "సామాను పట్టది, సంసారం పట్టది. ఉత్త ఉరుకుడే."

అంబదాస్‌కు ఉరకడం అక్కరలేదు. ఆ ముక్కు నుంచి వెన్ను దాకా ఎక్కడా తెగకుండా సాగిన ఆ గీత కావాలి. తను జీవితమంతా, బొమ్మలు చెక్కే పొనికి కర్రలో వెతుకుతున్న గీత అది. చిలక మెడలో కొంచెం దొరికింది. నెమలి తోకలో దొరికినట్టే దొరికి జారిపోయింది.

హైదరాబాద్ రాష్ట్రం పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చిన మరుసటి చలికాలం, సేటు కొత్త ఇల్లు కట్టుకుని తలుపులకూ గోడలకూ నిర్మల్ పని చేయించాలని మనిషిని పంపాడు. ఆదిలాబాద్ పోయిన అంబదాస్‌ను, బదులుగా ఏం కావాలని సేటు అడిగాడు. అంబదాస్ చెయ్యి ఇంటి పక్క షెడ్డు వైపు లేచింది. మోటారు అప్పటికే మూలబడి ఉంది. సేటు పెద్దగా నవ్వి సరేనన్నాడు. ఆ నవ్వు విన్నప్పటి నుంచి అంబదాస్‌కు కడుపులో ఒక చల్లటి రాయి పడింది. పని చేసినన్నాళ్ళు అది కరగలేదు. నెమళ్ళకు కళ్ళు దిద్దుతూ అనుకునేవాడు: ఇది నాది అవుతుంది. వెంటనే రాయి కదిలేది: అప్పుడు దీన్ని నేనే నడపాలి.

ఆదిలాబాద్ సరుకుకు వచ్చినప్పుడల్లా జబ్బార్ ఆ మోటారును కదిలించి, మైదానంలో అతనికి నడపడం నేర్పించాడు. మొదటి గేరు వచ్చింది. రెండోది వచ్చీరానట్టు వచ్చింది. "ఘాటు ఫికర్ నీకెందుకు? ఘాటు నేను దింపుత. నువ్వు పక్కన కూసొని పాన్ నములు," అన్నాడు జబ్బార్.

పని ముగిసే రోజుల్లో అంబదాస్ షెడ్డులో మోటారుకు రంగు వేశాడు. కుంకుమ ఎరుపు, అంచుల వెంట బంగారు తీగ. చక్రాలకు కూడా వేయాలని మిల్లు మేస్త్రీ చేత వాటిని ఊడదీయించాడు. చక్రం వెనుక ఇనుప గిన్నె లాంటిది ఉంది. దాన్నీ తీస్తే లోపల నెలవంకల్లాంటి రెండు పట్టీలు, మట్టి రంగువి, ఎండి పొడిబారి ఉన్నాయి. అంబదాస్ మనసు చివుక్కుమంది. వాళ్ళ పనిలో ఎండిన దాన్ని చూసి ఊరుకోవడం పాపం. తలుపు పనిలో మిగిలిన నూనె ఉంది. పసరు వేసి కాచిన అవిసె నూనె, రంగుకు బంగారపు నిగారింపు ఇచ్చేది. గుడ్డతో ముంచి నాలుగు చక్రాల పట్టీలకూ పట్టించాడు. అవి తాగాయి. మళ్ళీ పట్టించాడు. మళ్ళీ తాగాయి. ఎన్నేళ్ళ దాహమో అనుకుని, చాలనేదాకా తాగించి, గిన్నెల లోపల కూడా తుడిచి నిగనిగలాడించాడు. మేస్త్రీ అన్నం తిని వచ్చి, చూడకుండానే చక్రాలు ఎక్కించాడు.

తీసుకుపోవడానికి పెట్టుకున్న రోజు జబ్బార్ రాలేదు. నాగపూర్ సరుకు తగిలిందని, రెండు మూడు రోజులు ఆగమని కబురొచ్చింది. కానీ అంబదాస్ భార్య నర్మద అప్పటికే పొద్దుటి బస్సుకు నిర్మల్ నుంచి వచ్చి దిగింది. నీలం నేత చీర కట్టుకుంది.

"గల్లీల అందరు బజార్ల నిలవడ్డరు," అంది. "మీ అవ్వ గుమ్మడికాయ తెచ్చి పెట్టుకుంది దిష్టి తీస్తానని. ఏమయ్య, పోదామా?"

ఆగుదాం అనే మాట అతని నాలుక మీద ఉంది. సేటు మనుషులు చుట్టూ నిలబడి చూస్తున్నారు. ఆ మాట మింగి మోటారెక్కాడు.

గుడిహత్నూరు దాకా దారి చదును. గాలి నర్మద కొంగును వెనక్కి లాగి ఎగరేస్తోంది. ఆమె నవ్వుతోంది. చేలలో పత్తి ఏరుతున్న ఆడవాళ్ళు నడుములు ఎత్తి చూస్తున్నారు. బస్సుల అడ్డా దగ్గర బ్రేకు తొక్కితే మోటారు ఎంతో మెత్తగా, వెన్నలో జారినట్టు జారి, అనుకున్న చోటు దాటి ఆగింది. నూనె గుణం అనుకున్నాడు అంబదాస్. మురిసిపోయాడు కూడా.

ఇచ్చోడ దగ్గర ఆవుల మంద అడ్డమొచ్చింది. తొక్కాడు. పాదం కింద బ్రేకు దిగింది, మోటారు ఆగలేదు. మళ్ళీ తొక్కాడు. చక్రాలు ఆ మాట విననట్టే ఉన్నాయి. చేతి బ్రేకు గుంజాడు. అదీ పట్టలేదు. మంద చివరి దూడ తోక మోటారు ముక్కుకు రాసుకుంటూ తప్పుకుంది. మోటారు తనంత తాను ఎత్తు మీదికి పోయి, అలిసి, ఆగింది.

"దూడ మస్తు ముద్దుగున్నది," అంది నర్మద.

అంబదాస్ వచ్చిన దారినీ, పోవాల్సిన దారినీ చూశాడు. వెనక్కి పోతే సేటు నవ్వు. ముందుకు పోతే ఘాటు. మొదటి గేరులోనే, ఎడ్లబండికి కాస్త ముందుగా, ముందుకే పోనిచ్చాడు. నేరడిగొండ దాటింది. టేకు చెట్లు దగ్గర దగ్గరగా వచ్చాయి. పెద్ద పెద్ద ఆకులు గాలికి ఒకదానికొకటి రాసుకుంటే ఎవరో గుసగుసలాడుతున్నట్టుంది. ప్రతి చెట్టూ అతని పాదం వైపే చూస్తోంది. చెప్పాలి. చెబితే ఆమె ముఖంలో ఆ నవ్వు ఆరిపోతుంది. చెప్పకపోతే మనిషే ఆరిపోతుందేమో. తల తిప్పి చూశాడు. ఆమె కొంగు నోట్లో పెట్టుకుని దారినే చూస్తోంది. ఎప్పటి నుంచి నవ్వడం మానిందో అతనికి గుర్తులేదు.

ఘాటు దిగుడు మొదలయ్యే చోట చిన్న మిట్ట ఉంది. దాని మీద మోటారు ఆగింది. ఎడ్లబండ్లవాళ్ళు అక్కడ ఆగి ఎడ్లను ఊపిరి పీల్చుకోనిస్తారు. ముందు దారి ఒక మలుపు దాకా కనబడి, ఆ తర్వాత ఆకాశంలో కలిసిపోయింది.

"నర్మదా," అన్నాడు. "బిరేకు పట్టుతలే. ఇచ్చోడ కాడనే ఎరుకైంది నాకు."

ఆమె కొంగు నోట్లోంచి తీసింది. "నాకు గుడిహత్నూరు కాడనే ఎరుకైంది. నీ కాలి బొటనవేలు చూసిన. రంగు కుదరకపోతె కూడ అది అట్లనే ముడుచుకుంటది. నువ్వే చెప్తవని చూస్తున్న."

"మరి నువ్వెందుకు చెప్పలే?"

"నువ్వు భయపడుతున్నవని నేను చెప్తే, నువ్వు ఇంకింత భయపడవా?"

అతనికి ఏడుపొచ్చింది. ఆమె దిగి, అక్కడ ఆగి ఉన్న బండ్ల దగ్గరికి నడిచింది. నర్మద తండ్రి ఆ ఘాటు మీదనే బండి కట్టినవాడు. బరువు బండి దిగేటప్పుడు వెనుక టేకు మొద్దు కట్టి ఈడ్పించడం, ఆ బరువే ఎడ్ల మీద పడకుండా బండిని పట్టి ఉంచడం, చిన్నప్పటి నుంచి చూసింది. అంతయ్య అనే ముసలి బండివాణ్ణి వెంటబెట్టుకుని వచ్చింది.

అంతయ్య మోటారు చుట్టూ తిరిగాడు. బీడీ తీసి చెవి వెనుక పెట్టుకున్నాడు. "గింత సక్కదనానికి మొద్దు గట్టుమంటవా బిడ్డా? పెండ్లిపిల్లకు గుదిబండ గట్టినట్టుంటది."

"కట్టు తాతా. పెండ్లిపిల్ల ఉరుకుతున్నది."

ఐదో చక్రం కింద ఇనుప కడ్డీకి జనపనార మోకుతో మొద్దు కట్టాడు. "మొకం గుట్ట దిక్కే పెట్టురి పటేలా," అన్నాడు. "లోయ దిక్కు సూడకురి."

"నువ్వు తాతతోని బండిల రా," అన్నాడు అంబదాస్ భార్యతో.

"నువ్వు కండ్లు మూసుకుంటె తెరువు అనేదెవరు?" అని ఆమె ఎక్కి కూర్చుంది.

దిగారు. మొదటి గేరు మూలుగుతోంది. వెనుక మొద్దు కంకర మీద బరబర గీసుకుంటూ, రోట్లో పొత్రం తిరుగుతున్నట్టు గుడుగుడుమంటూ వస్తోంది. మోటారు ఆగడం లేదు, ఉరకడం కూడా లేదు. మొదటి మలుపు తిరిగింది. లోయ కుడి వైపు వచ్చి వాళ్ళతో పాటు నడవసాగింది. కింద చెట్ల తలలు, ఆ తలల కింద నీలం పొగ. అంబదాస్ చొక్కా వీపుకు అతుక్కుపోయింది. రెండో మలుపు. నర్మద ఏదో దేవుణ్ణి తలుచుకుంటోంది. వేములవాడ రాజన్నకు కోడెను కడతానని మొక్కడం సగం వినబడింది.

అప్పుడు గేరు కడ్డీ టక్కుమని తనంత తాను జారి, ఏ గేరూ పడని మధ్యకు వచ్చింది.

మూలుగు ఆగిపోయింది. ఆ నిశ్శబ్దమే అన్నిటికన్నా భయంకరం. మోటారు ఒళ్ళు విరుచుకుని, తను పుట్టిన పని గుర్తొచ్చినట్టు ముందుకు సాగింది. మొద్దు ఎగిరెగిరి పడుతోంది. ఎదుట మలుపు, మలుపు అవతల ఏమీ లేదు.

"గుట్టకు రాసుకపోనియ్యి!" అంది నర్మద. "ఎడమకు తిప్పు, గుట్టకు రాసుకపోనియ్యి!"

అతని చేతులు తిరగలేదు. భయంతో కాదు. ఎడమ పక్కన ఆ ఎరుపు ఉంది. నిన్ననే ఆరిన బంగారు తీగ ఉంది. జీవితమంతా రంగు ఆరనిచ్చి, ఈగ వాలకుండా కాపలా కాసిన చేతులవి. గీత పడేలా తిప్పడం వాటికి తెలియదు.

"అంబదాసూ!" అంది ఆమె. పెళ్ళయినప్పటి నుంచి ఆమె నోట అతని పేరు రాలేదు.

"చెయ్యి లోపలికి తీసుకో," అని అరిచి తిప్పాడు.

గుట్ట మోటారును పట్టుకుంది. ముక్కు నుంచి వెన్ను దాకా ఆ గీతను రాయి తన గోళ్ళతో చదివింది. ఎర్రటి పొడి గాలిలోకి లేచి వాళ్ళ ముఖాల మీద, ఆమె నీలం చీర మీద పడింది. తర్వాత అంతా ఆగింది. ఎక్కడో ఒక పిట్ట కూసింది.

"ఇంక నేను ఏ దిక్కు దిగాలె?" అంది నర్మద, పక్కనున్న బండను చూస్తూ.

మోటారును అక్కడే వదిలి, వెనక వచ్చిన అంతయ్య బండి మీద ఊరు చేరారు. గల్లీలో గుమ్మడికాయను మోటారుకు బదులు మనుషులకే తిప్పి కొట్టారు. జబ్బార్ నాగపూర్ నుంచి రాగానే అంబదాస్‌ను వెంటబెట్టుకుని ఘాటుకు పోయి, చక్రం ఊడదీసి, వేలితో తడిమి వాసన చూశాడు.

"ఏ గాడ్ది కొడుకు పోసిండు దీంట్ల నూనె?"

"నేనే," అన్నాడు అంబదాస్. "ఎండిపోయి ఉండె."

జబ్బార్ రోడ్డు మీద కూర్చుండిపోయాడు. "అరె భాయ్... అవి బిరేకు పట్టీలు, ఎండినందుకే పట్టుకుంటయి. నర్మద చెల్లెను పక్కన కూసోబెట్టుకొని..." అని, మిగతా మాట లోయ వైపు చూస్తూ వదిలేశాడు.

మోటారును జబ్బారే ఇంటికి చేర్చాడు. చాలా ఏళ్ళు అది అంబదాస్ వాకిట్లో రేకుల కింద ఉంది. దసరాకు మాత్రం మొదటి గేరులో ఊరి చివరి దాకా పోయి వచ్చేది. ఎడమ పక్క గీతకు అతను మళ్ళీ రంగు వేయలేదు. అడిగిన వాళ్ళకు, నర్మద చెయ్యి అక్కడ నుంచి జానెడు లోపల ఉండె అని మాత్రం చెప్పేవాడు.

తర్వాతెప్పుడో అతని గురించి పత్రికలో రాయాలని నిర్మల్ వచ్చిన మనిషి, వాకిట్లో పిల్లలు లాగుతున్న కర్ర మోటార్లను చూశాడు. పొడుగాటి ముక్కు, ఎరుపు, అంచున బంగారు తీగ. ఆ గీత ఎక్కడా తెగలేదు. ప్రతి దాని వెనుకా చిన్న దారం, దారానికి బొటనవేలంత మొద్దు. అది నేల మీద గుడుగుడుమంటోంది. బయలుదేరేటప్పుడు అంబదాస్ ఒకటి కాగితంలో చుట్టి ఇచ్చాడు. నర్మద గడపలో నిలబడి చూస్తోంది. చుట్టింది మళ్ళీ విప్పి, దారం ముడి గట్టిగా ఉందో లేదో గుంజి చూసి, అప్పుడు అన్నాడు:

"మీ ఇంట్ల పోరగాండ్లు సక్కదనం లేదని దారం తెంపుమంటరు సార్. తెంపనియ్యకురి. అది లేకుంట నడుస్తున్నదంటె నాకు గీడ కూసున్నా భయమైతది."