కొసరుకు వచ్చిన పెట్టె

పాత మోటరు ఒకటి కొనుక్కొచ్చి, ఒకే మధ్యాహ్నంలో మా నాయన పేరును నిలువునా రెండు ముక్కలు చేసి, తండ్రిలాంటి అన్నను ఆసుపత్రికి పంపబోయిన ఘనుణ్ణి నేను. ఇంతటి పని మీలో ఎవరైనా చేసి ఉంటే చెప్పండి, పక్కన కూర్చోబెట్టుకుని కాఫీ ఇప్పిస్తాను. చేయని వాళ్ళు వినండి. నవ్వొస్తే మొహమాటపడకండి. నాకు మాత్రం ఆ రోజు నవ్వు రాలేదు.

ముందు మా ఇంటి సంగతి చెప్పాలి. బళ్ళారి బజారులో మాకు కొయ్య సామాన్ల అంగడి ఉండేది. అప్పడాల కర్రలు, కవ్వాలు, పీటలు, పసిపిల్లల నడకబండ్లు అమ్మేవాళ్ళం. తాత మొదలుపెట్టాడు, నాయన పెంచాడు, ఆ తర్వాత అది మా అన్న నెత్తిన పడింది. అన్న కాలానికి మజ్జిగ ప్యాకెట్లలో రావడం మొదలైంది. ప్యాకెట్ మజ్జిగ తాగేవాడికి కవ్వంతో ఏం పని? అన్న అంగట్లో కూర్చుని ఈగలు తోలాడు. కొన్నాళ్ళకు ఈగలు కూడా పక్కనున్న స్వీట్ల అంగడికి వెళ్ళిపోయాయి. ఒకరోజు అన్న షట్టరు దించి, తాళం చెవి అంగడి ఓనరు చేతిలో పెట్టి, ఇంటికి వచ్చేశాడు. బీరువాలు, అరలు ఎవరెవరో పట్టుకుపోయారు. అన్న వెంట తెచ్చుకున్నది అంగడి బోర్డు ఒక్కటే. పెద్ద చెక్క పలక మీద మా నాయన పేరు, పైన కన్నడంలో, కింద తెలుగులో.

ఆ బోర్డును పెరట్లో రేకుల షెడ్డు లోపల గోడకు ఆనించి, దాని ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు అన్న. కూర్చున్నవాడు లేవలేదు. ఎండాకాలం పోయింది, వానలొచ్చి పోయాయి. పెడితే తిన్నాడు, పెట్టకపోతే అడగలేదు. మాట అసలే లేదు. బజారులో అరిచి అరిచి బేరం చేసిన గొంతు, ఒక్క మాటకు కూడా పెగల్లేదు. ఆ రోజుల్లో మా ఇంట్లో గిన్నె కిందపడితే వదినా నేనూ సంతోషించేవాళ్ళం, ఏదో ఒక చప్పుడైందని.

ఒకరోజు వదిన నన్ను వంటింట్లోకి పిలిచింది. పప్పు ఏరుతూ తల ఎత్తకుండానే అంది.

"ఏమప్పా, మామ కవ్వాలు చేసిన లేత్ మిషన్ షెడ్లోనే ఉండాది కదా. అది తిప్పేకి అయితాదా?"

"మోటరు కాలిపోయి శానా ఏండ్లాయ వదినా. ఎందుకు?"

"మీ అన్న చిన్నప్పట్నించీ ఆ మిషన్ సద్దులోనే పెరిగినాడు. ఆ సద్దు వింటే లేస్తాడేమోనని." పప్పులో రాయి దొరక్కపోయినా చేటలోంచి ఏదో ఏరి పారేసింది. "నాకు బయమైతాందప్పా. ఈ మనిషి ఇట్లే బోర్డు చూస్తా చూస్తా పోతాడేమో."

ఆ మాట విన్నాక నేను ఆగలేకపోయాను. నాకప్పుడు పెళ్ళి కాలేదు, పనీ సరిగ్గా లేదు. ఉన్నదల్లా ఒక ఫోను, అందులో లెక్కలేనన్ని వీడియోలు. రెండు రోజులు అన్నం కూడా ఫోను చూస్తూనే తిని, మోటర్ల గురించి లోకంలో తెలుసుకోవలసినదంతా తెలుసుకున్నాను. నా తెలివి మీద నాకే గౌరవం పుట్టింది.

మా ఊళ్ళో పాత మోటరు కావాలంటే గుజిరీ అంగడికి పోవాలి. అంటే పాత ఇనుము, పాత సామాను కొని అమ్మే అంగడి. ఊళ్ళో ఏది మూతబడినా చివరికి అక్కడికే చేరుతుంది. ఆ అంగడి మస్తాన్ భాయ్‌ది. నేను వెళ్ళేసరికి ఆయన టీ సాసర్లో పోసుకుని ఊదుకుంటున్నాడు. వెనకాల మోటర్లన్నీ ఒక కొయ్య అర మీద వరుసగా పెట్టి ఉన్నాయి. దాని అంచున నేను చిన్నప్పుడు మేకుతో గీసిన రైలుబండి ఉంది. అది మా అంగడి అర. కవ్వాలు పేర్చిన చోట మోటర్లు కూర్చున్నాయి.

"ఏం కావాలప్పా?" అన్నాడు మస్తాన్ భాయ్.

"లేత్‌కు మోటరు భాయ్. ఇంటికాడ సింగిల్ ఫేజే ఉండాది. అర హెచ్‌పీ సాలు."

"బాప్ రే. ఇంజినీరా నువ్వు?"

"కాదు భాయ్. వీడియోలు చూసినా."

"అట్లయితే ఇంజినీరు కంటే డేంజర్," అని టీ తాగేశాడు.

నేను మాత్రం తొణకలేదు. మొదట చూపించిన మోటరు పిండి మిషన్‌ది. త్రీ ఫేజ్, మా ఇంటి కరెంటుకు తిరగదు. పక్కన పెట్టించాను. రెండోది పొలంలో నీళ్ళు తోడినది. మరీ వేగం, కొయ్య పనికి అంత వేగం పనికిరాదు. అదీ వద్దన్నాను. మూడోదాని ఇరుసు పట్టుకుని ఊపితే ఊగింది, బేరింగు పోయింది. నాలుగోదాన్ని ముక్కుకు దగ్గరగా పెట్టుకుని వాసన చూశాను, లోపల తీగచుట్ట కాలిన కంపు. మస్తాన్ భాయ్ నన్ను పైనుంచి కిందికి చూశాడు.

"పెండ్లికూతుర్ని చూసేకి వచ్చినట్ల చూస్తాండావే!"

"పెండ్లికూతురు నచ్చకపోతే సర్దుకోవచ్చు భాయ్. మోటరుతో అట్ల కుదరదు."

చూశారా, ఎంత బాగా మాట్లాడానో! ఆ నోటితోనే తర్వాత ఏం అడిగానో చెబుతాను, ఉండండి.

చివరికి ఒక మూల నుంచి తీశాడు. చిన్న మోటరు, ఒళ్ళంతా నీలం మరకలు.

"ఏంది భాయ్ ఇంత నీలంగా ఉండాది?"

"జీన్స్ వాషింగ్ యూనిట్‌ది అప్పా. ప్యాంట్లు ఉతికేకి సాంపుల్ మిషన్ ఉంటాది కదా, చిన్నది. దాండ్లోది. యూనిట్ బంద్ అయిపాయ, నా కాడికి వచ్చె."

సింగిల్ ఫేజ్, సరైన వేగం, బేరింగు వెన్నలా తిరుగుతోంది, వాసన సబ్బుది తప్ప ఇంకేదీ లేదు. దానికి వైర్లతో తగిలించి ఒక ఇనుప పెట్టె ఉంది, ముందు ఒక గుండ్రని బిరడా. భాయ్ బిరడా తిప్పి కరెంటు ఇచ్చాడు. మోటరు చక్కగా, చప్పుడు లేకుండా తిరిగింది. "సాలు సాలు భాయ్, ఆపు," అన్నాను తృప్తిగా. ఇంకో నిమిషం ఆపకుండా ఉంటే ఈ కథే ఉండేది కాదు. నాకప్పుడు తొందర, తెలివి ఎక్కువైనవాడికి ఉండే తొందర.

బేరం కుదిరింది. భాయ్ వైర్లు ఊడదీసి, పెట్టెను పక్కన పెట్టి, మోటరు మాత్రం నా చేతికిచ్చాడు.

"పెట్టె?"

"అది వేరే అప్పా. దానికి వేరే గిరాకీ ఉండాది. నీకు మామూలు స్విచ్చి ఇస్తా, తగిలించుకో."

ఇక్కడే నాలో మా వంశం మేల్కొంది. మా ఇంట్లో బజారుకు వెళ్ళొచ్చినవాణ్ణి ఎంతకు కొన్నావని ఎవరూ అడగరు. "కొసరేం తెచ్చినావు?" అని అడుగుతారు. నాయన కొత్తిమీర కొసరు లేకుండా వంకాయలు ముట్టుకునేవాడు కాదు. మా అంగట్లో కవ్వం కొన్నవాళ్ళకు ఒక బొంగరం కొసరు ఇచ్చేవాళ్ళం. ఇవ్వడం, అడగడం, రెండూ మాకు మర్యాదే. మూతబడిన అంగడి అర ఎదురుగా నిలబడి, కొసరు లేకుండా ఇంటికి పోతే నాయన ఆత్మ ఏమనుకుంటుంది?

"పెట్టె కొసరుకు ఇయ్యి భాయ్."

"నీ పనికి అది బేడప్పా."

"బేకే బేకు." ఆయన వద్దన్నదీ కన్నడంలోనే, నేను కావాల్సిందే అన్నదీ కన్నడంలోనే.

"అరె, దాంతో ఏం జేస్తావు?"

"అది ఏం జేస్తాది?"

"నాకేం తెలుసప్పా? మిషన్‌తోటి వచ్చె, మిషన్‌తోటి పోతాది."

"అయితే మోటరుతోటి నాతో పోనీ."

అరగంట అక్కడే కూర్చున్నాను. ఆయన గిరాకీలతో మాట్లాడాను, టీ తాగాను, ఆయన మోకాళ్ళ నొప్పికి మందు చెప్పాను. చివరికి, "తీస్కపోప్పా, నా తల తినొద్దు!" అని పెట్టె నా ఒళ్ళో పడేశాడు. బళ్ళారి ఎండలో మోటరు ఒక చంకలో, పెట్టె ఒక చంకలో పెట్టుకుని ఆటో ఎక్కినప్పుడు నాకు కలిగిన గర్వం ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

మర్నాడు మోటరును లేత్ కింద బిగించాను. పట్టీ వేశాను, పెట్టెను గోడకు మేకులతో బిగించాను. కొయ్య ముక్కను గట్టిగా పట్టుకునే ఇనుప చక్రం ఒకటి ఉంటుంది, దాన్ని చక్ అంటారు. అది లేత్ ఇరుసు కొసకు సీసా మూత బిగించినట్టు మర తిప్పి బిగిస్తే నిలుస్తుంది. నాయన కాలం నాటి చక్‌లో కవ్వం తలకు సరిపోయే ముక్క పెట్టాను. అన్న ఎప్పటిలా కుర్చీలో, నాకు వీపు పెట్టి, బోర్డు చూస్తూ కూర్చుని ఉన్నాడు. వదిన షెడ్డు గుమ్మంలో చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది.

బిరడా తిప్పాను.

లేత్ తిరిగింది. ఆ ఘూం అనే చప్పుడు షెడ్డంతా నిండింది. ఉలి ఆనించగానే కొయ్య పొట్టు రింగులు రింగులుగా లేచి, నాయన చొక్కాకు ఉండే వాసన వచ్చింది. అన్న తల కదిలింది. తర్వాత భుజాలు. ఆ తర్వాత, నా మాట నమ్మండి, అన్న కుర్చీలోంచి లేచాడు. మెల్లగా నడిచి వచ్చి నా పక్కన నిలబడ్డాడు. గుమ్మంలో వదిన ఏడుస్తోంది. నా కళ్ళూ మసకబారాయి.

సరిగ్గా అప్పుడే మిషన్ నెమ్మదించి ఆగిపోయింది.

"ఏమప్పా, నిలబడిపాయనే?" అంది వదిన ఆదుర్దాగా.

"కరెంటు పోయినట్లుండాది వదినా."

"లైటు ఎలుగుతాండాది కదప్పా!"

"అయితే వోల్టేజి," అన్నాను, అన్నీ తెలిసినవాడిలా.

వోల్టేజి కాదు. ఆ పెట్టె తన పని తాను చేస్తోంది. జీన్స్ ప్యాంట్లు బాగా ఉతకాలంటే కాసేపు ఇటు తిప్పాలి, ఆగాలి, కాసేపు అటు తిప్పాలి. అందుకే పెట్టారు దాన్ని. కాసేపు ఆగిన మోటరు ఒక్క ఊపుతో వెనక్కి తిరిగింది. మర తిప్పి బిగించిన చక్, వెనక్కి తిరిగితే ఏమవుతుంది? సీసా మూతే. గిరగిరా ఊడింది, కొయ్యతో సహా బల్ల మీద పడింది, అక్కడి నుంచి గెంతి అన్న ఖాళీ కుర్చీ మీదుగా ఎగిరి, మా నాయన పేరు మధ్యలో గుద్దుకుంది. బోర్డు నిలువునా చీలి రెండు ముక్కలుగా కిందపడింది.

ఆ కుర్చీలో అన్న తల ఎంత ఎత్తున ఉండేదో నాకు తెలుసు. చక్ సరిగ్గా ఆ ఎత్తునే పోయింది. నెలల తరబడి లేవని మనిషి ఆ రోజు లేవకపోయి ఉంటే, నేను ఈ కథ మీకు చెప్పేవాణ్ణి కాదు. ఎవరికీ ఏమీ చెప్పేవాణ్ణి కాదు.

ముగ్గురం కదల్లేదు. లేత్ మాత్రం ఖాళీగా వెనక్కి తిరిగింది, ఆగింది, ముందుకు తిరిగింది, ఆగింది, మళ్ళీ వెనక్కి తిరిగింది. దానికేం బాధ లేదు. అన్న వెళ్ళి బోర్డు ముక్కలు రెండూ చేతుల్లోకి తీసుకున్నాడు. చెంపదెబ్బ కోసం నేను కళ్ళు మూసుకుని నిలబడ్డాను.

"రేయ్," అన్నాడు అన్న. తుప్పుపట్టిన తలుపు తెరిచినట్టుంది గొంతు. "ఏందిరా ఇది? బట్టలు ఉతుకుతాండాది?"

"అన్నా..."

"ఆ పెట్టె ఎవరిచ్చినారు?"

"కొసరన్నా."

"వాడిచ్చినాడా, నువ్వడిగినావా?"

"వద్దు వద్దన్నాడు. పట్టుబట్టి తెచ్చినా."

అన్న నా మొహం చూశాడు, పెట్టెను చూశాడు, చేతిలో ముక్కల్ని చూశాడు. "నాయన కొడుకువేరా నువ్వు," అని నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వి నవ్వి, ఎక్కడ నవ్వు ఆగిందో ఎక్కడ ఏడుపు మొదలైందో తెలియకుండా, ఆ చెక్క ముక్కల్ని గుండెకు అదుముకుని నేల మీద కూలబడ్డాడు. వదిన వెళ్ళి పక్కన కూర్చుంది. నేను మిషన్ ఆపాను.

మర్నాడు పొద్దున అన్న ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. ఇద్దరం పెట్టె పట్టుకుని గుజిరీ అంగడికి పోయాం.

"నీ పనికి బేడని ముందే చెప్పలేదాప్పా?" అని మస్తాన్ భాయ్ పెట్టె లాక్కుని, మామూలు స్విచ్చి ఒకటి నా చేతిలో పెట్టాడు. నేను దాన్ని జేబులో వేసుకున్నాను. వెళ్దామని తిరిగేసరికి అన్న ఆ అర ముందు నిలబడి ఉన్నాడు. మేకుతో గీసిన రైలుబండి మీద వేలు పెట్టాడు. మళ్ళీ ఆ కుర్చీలోకి పోతాడేమోనని చెయ్యి పట్టుకోబోయాను.

"భాయ్," అన్నాడు అన్న, "కొసరు?"

"స్విచ్చికి కొసరా! ఏం కావాలప్పా?"

"ఈ పైపలక."

ఆ పలకను బోర్డు వెనకాల అడ్డంగా కొట్టి, అన్న రెండు ముక్కలనూ కలిపాడు. అతుకు కనిపిస్తూనే ఉంటుంది. అంగడి తిరిగి రాలేదు. అన్న ఇప్పుడు రోజూ ఆ లేత్ మీద కవ్వాలు చేస్తాడు. అవి ఎవరూ కొనరు, అటక మీద పేరుకుంటున్నాయి. కానీ మాట్లాడతాడు, ఎక్కువగా నన్ను తిట్టడానికే.

కాబట్టి సూర్యుడి సాక్షిగా, మా నాయన చీలిన బోర్డు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో మోటరుకు గానీ, వంకాయలకు గానీ నేను కొసరు అడగను. బజారుకు పోయేటప్పుడు అన్నను వెంట తీసుకుపోతాను.