సీతాఫలాల గంపతో మీటింగుకు

మొన్న మా ఆఫీసు లిఫ్టులో ఎవరో సీతాఫలాల సంచితో ఎక్కారు. పై అంతస్తు చేరేలోపే ఏసీ వాసన, కాఫీ వాసన, పక్కనాయన సెంటు వాసన అన్నీ ఓడిపోయి ముగ్గిన పండు వాసనొక్కటే మిగిలింది. ఆ వాసనకు నాకు పండు గుర్తుకు రాదు, తాగుడు మానడం గుర్తుకొస్తుంది. డాక్టర్లు ఒప్పుకునే సంగతి కాదు గాని, మా ఇంట్లో జరిగింది.

అప్పట్లో రాయదుర్గంలో మెట్రో లేదు, బండలుండేవి. ఏనుగులంత బండలు, వాటి సందుల్లో సీతాఫలం చెట్లు, వానలు వెనకబట్టే రోజులకు వాటి చుట్టూ తంగేడు పూల పసుపు, గునుగు పూల తెలుపు. బడి విడవగానే నేనూ నా నేస్తులూ జారుడుబండ మీద గౌన్లు చిరిగేదాకా జారి, పుల్లల మంటలో కాయలు కాల్చుకు తిని, గింజలు ఎవరు ఎక్కువ దూరం ఉమ్ముతారో పందెం వేసుకునేవాళ్లం. మిగిలిన కాయలను నానమ్మ గడ్డిలో ముగ్గబెట్టి, రోజూ ఒక్కొక్కదాన్నీ వేలితో నొక్కి చూసి, జ్వరం తగ్గని పిల్లను పడుకోబెట్టినట్టు మళ్లీ గడ్డి కప్పేది. నాయిన ట్రాక్టర్ నడిపేవాడు. టవర్ల పునాదుల కోసం పగలగొట్టిన రాళ్లు మోసేవాడు. మా జారుడుబండను కూడా ఒకరోజు ముక్కలు ముక్కలుగా ఆయనే ఎత్తుకుపోయాడు. పొద్దంతా మోసిన రాళ్ల బరువు దిగాలంటే తాగాలని ఆయన వాదన. దిగేది రాళ్ల బరువు కాదు, తన చెవి కమ్మలని అమ్మ వాదన.

ఆ ఏడు నాయిన కడుపునొప్పితో దవాఖానలో పడి లేచాడు. ఇంకోసారి తాగితే నా దగ్గరికి తేవద్దు, అక్కర ఉండదన్నాడు డాక్టరు. నాయిన మానేశాడు. కానీ ముందర దసరా ఉంది. మా వైపు దసరా అంటే యాట మాంసం కూర, చేతిలో జమ్మి ఆకు పెట్టి అలాయ్ బలాయ్ కౌగిలింతలు, ఆ వెనకే ఇంటింటా గ్లాసు. తాగనివాడిని చుట్టాలు రోగిష్టివాడిని చూసినట్టు చూస్తారు. ఆ పండుగ దాటితే మనిషి దక్కినట్టే. అమ్మ బతుకమ్మ పేరుస్తూ కూడా పూలకన్నా దారినే ఎక్కువ చూసేది, ట్రాక్టర్ ఎటు మళ్లుతుందోనని.

దవాఖానలో నర్సమ్మ ఒక మాట చెప్పింది. తాగుడు మానినవాళ్లు ఆదివారాలు ఒకచోట కూర్చుని మాట్లాడుకుంటారట, మీ రాయదుర్గంలోనేనట. ఎక్కడో ఆమెకూ తెలియదు. బోర్డు పెట్టరు, పేర్లు బయటికి రానివ్వరు. అంత గుట్టుగా పోవలసిన చోటికి మా ఇంటిల్లిపాదీ పిల్లను చూడను పోయినట్టు బయలుదేరాం. నానమ్మ నెత్తిన సీతాఫలాల గంప, ఎందుకంటే ఉత్తచేతులతో పోతే బాగుండదు, అమ్మ ఒంటిమీద పండుగ చీర, ఆమె పక్కన నేను, అందరికన్నా వెనక తప్పించుకునే సందు వెతుకుతూ నాయిన.

కిరాణా కొట్టులో అడిగాం, తెలియదన్నారు. గుడి దగ్గర అడిగాం, భజన అనుకున్నారు. అప్పుడు నానమ్మ నేరుగా కల్లు కాంపౌండుకు నడిచింది. నాయిన ముఖం వెలిగింది, అమ్మ ముఖం ఆరిపోయింది.

"ఏందత్తా, గీడికి తోలుకొస్తివి?" అంది అమ్మ.

"ఈడికి రానోళ్లు ఏడికి పోతున్నరో వీళ్లకు గాక ఇంకెవలకెర్క?" అంది నానమ్మ.

కాంపౌండు మాలిక్ గల్లా ముందు ఈగలు తోలుకుంటున్నాడు. సంగతి విని నిట్టూర్చాడు. "నా ఆదివారం గిరాకంతా గా ఇంగ్లీష్ మీడియం బడిల కూసుంటున్నది పెద్దమ్మా. ఇగ నీ కొడుకును సుత తీస్కపో, మంచిగుంటది." అంటూనే గంపలోంచి ఓ పండు తీసుకుని చేత్తో దారి చూపించాడు.

దారి నాకు తెలుసు. అది మా బడే.

గది కూడా మాదే. సుద్దముక్కల వాసన, గోడమీద ఆపిల్, బంతి, పిల్లి. వాటి కింద మా బుల్లి బెంచీల్లో మోకాళ్లు గడ్డాలకు తగిలేలా ముడుచుకు కూర్చున్న మీసాల పెద్దమనుషులు. నాయిన పోయి సరిగ్గా నా చోటులోనే కూర్చున్నాడు. నేను పెన్సిల్‌తో గీసిన కప్ప ఆయన మోచేతి కింద నలిగిపోయింది.

మీటింగు నడిపే సార్ మెల్లగా, "ఒట్టి పేరు చెబితే చాలండి, ఇంకేమీ చెప్పక్కర్లేదు" అన్నాడు. నాయిన బెంచీ మీది కప్పను గోటితో గీకుతూ కూర్చున్నాడు. గుమ్మంలో నిలబడ్డ నానమ్మకు ఓపిక చాలలేదు.

"నా కొడుకు ఎల్లయ్య. బండకాడి సాయన్న పెద్దకొడుకు. తాత పేరే పెట్టినం. సచ్చి బతికి కన్న సారూ. తాగుడొక్కటే, ఇంకేం వంక లేదు."

పేరు దాచుకునే చోట మూడు తరాలు బయటపడ్డాయి. అప్పుడు వెనక బెంచీలోంచి ఒకాయన, "మా అమ్మ సుత గిట్లనే జేసింది" అని పగలబడి నవ్వాడు. ఆ నవ్వు బెంచీ బెంచీ దాటుకుంటూ వచ్చి నాయిన దగ్గర ఆగింది. దవాఖాన నుంచి వచ్చాక ఆయన పళ్లు కనిపించడం అదే మొదలు.

"అమ్మా, నువ్వు జర బయట కూసో. మిగిలింది నేను చెప్త" అన్నాడు.

లోపల ఏం చెప్పాడో మాకు ఇప్పటికీ తెలియదు. గంప మాత్రం ఖాళీగా తిరిగొచ్చింది.

దసరా నాడు చుట్టాలకన్నా ముందే ఆ వెనక బెంచీ ఆయన మా ఇంటికి వచ్చాడు. జమ్మి ఆకు చేతిలో పెట్టి, నాయిన పక్కన కూర్చుని ఇక లేవలేదు. ఇద్దరూ యాట కూర తిన్నారు, సద్దుల బతుకమ్మ నాడు చేసిన తీపి మలీద ముద్దలు తిన్నారు, సీతాఫలాలు ముందేసుకుని గింజలు వాకిట్లోకి ఉమ్మే పందెం పెట్టుకున్నారు. మా బాబాయి గ్లాసు చేతబట్టుకుని ఎదురుగా నిలబడి, నిలబడి, చివరికి తనే తాగేశాడు. పండుగ దాటింది.

జారుడుబండ ఉన్నచోట ఇప్పుడు టవరుంది. అప్పుడు జారేదాన్ని, ఇప్పుడు అక్కడే లిఫ్టులో ఎక్కుతున్నాను, జీతమూ ఇస్తున్నారు. కల్లు కాంపౌండు కార్ల పార్కింగయింది, బడి ఎక్కడికో లేచిపోయింది, కాల్చుకు తినే సీతాఫలాలు పెట్టెల్లో స్టిక్కరంటించుకుని వస్తున్నాయి. నానమ్మ లేదు. మీటింగు గచ్చిబౌలికి మారింది. ఫోను గుమ్మం దాకా దారి చూపిస్తుంది, ఎవరినీ అడగక్కర్లేదు.

నాయిన ఇంకా వెళ్తున్నాడు. లిఫ్టులో సంచి పట్టుకున్నావిడను ఎక్కడ కొన్నారో అడిగి, నేనూ కొని, మొన్న ఆదివారం ఆయన్నీ పండ్లనూ బండి మీద మీటింగు దగ్గర దింపాను. గుమ్మంలో చెప్పులు విడుస్తున్న కొత్తాయనెవరో భయంభయంగా చూస్తుంటే, నాయిన అతని చేతిలో ఓ పండు పెట్టి లోపలికి తీసుకుపోయాడు. తలుపు ఓరగా ఉంది.

"నా పేరు ఎల్లయ్య" అన్నాడు.

అని కాసేపు ఆగాడు, మిగతాది ఎవరైనా చెబుతారేమోనన్నట్టు.