ఫ్రెంచి కేటలాగులో మా నాయన

నా నవలను ఫ్రెంచిలో వేసిన ప్రచురణ సంస్థ కేటలాగు ఈ రోజు ఐరాలలో మా ఇంటికి వచ్చింది. తాతల కాలం నాటి సంస్థ. తొలి పుస్తకం మొదలు తాము వేసిన రచయితలందరినీ ఇంటిపేర్ల వరసలో అచ్చేస్తారు. ఎంత వెతికినా నేను లేను. చివరికి ‘మునిరత్నం’ అని పెద్దక్షరాల్లో మా నాయన కనిపించాడు, పక్కన చిన్నగా ‘సుజాత’. మా చిత్తూరు వైపు ఇనీషియల్ అంటే నాయన పేరే. ఒప్పందంలో దాన్ని పూర్తిగా రాస్తే, వాళ్లు ఇంటిపేరనుకున్నారు.

“తప్పుగా పడిండాది నాయనా, మార్చమని రాస్తాను” అన్నాను.

టమోటాలు ఏరుతున్న నాయన చేతులు తుడుచుకుని, ఆ ఇంగ్లీషు అక్షరాలను కూడబలుక్కుని చదివాడు.

“మార్సేదేంటికమ్మా? పేరు బాగానే పడిండాది గదా.”

సాయంత్రం నుంచి టీ అంగడిలో నా నవల గురించి అడిగినవాళ్లకు ఆయనే జవాబులు చెబుతున్నాడు. పేరు మార్పిస్తామని ఆయనతో చెప్పే ధైర్యం మీలో ఎవరికైనా ఉందా?