ఆదివారం గడ్డం

మా ఇంట్లో ఈ కత్తుల పిచ్చి నాయనతోనే మొదలైంది. హోసూరులో ఒక ఫ్యాక్టరీలో ఏళ్ల తరబడి గ్రైండింగ్ పని చేసి రిటైరయ్యాడు. మనిషి ఇంట్లో కూర్చున్నా చేతులు ఊరుకోలేదు. ఒకసారి కృష్ణగిరికి పోయినప్పుడు, పాత ఇనుప సామాన్ల అంగట్లో మేకుల బుట్ట అడుగున ఆయనకొక మంగలికత్తి దొరికింది. పిడి లేదు. తుప్పు పట్టి, పారేసిన చింతకాయలా ఉంది. ఇంటికి తెచ్చి కిరసనాయిల్లో నానబెట్టి, మర్నాటి నుంచి గరుకు కాగితంతో రుద్దడానికి కూర్చున్నాడు. రుద్దగా రుద్దగా తుప్పు కింద నుంచి చల్లటి నీలపు ఉక్కు బయటపడింది. ఆ పూట అన్నం తింటున్నప్పుడు కూడా దాన్ని కంచం పక్కనే పెట్టుకున్నాడు.

మెరుపైతే వచ్చింది గానీ పదును రాలేదు. మిషన్ మీద పెడితే ఉక్కు వేడెక్కి చెడిపోతుందని ఆయనకు తెలుసు. చేత్తో నూరితే అంచు ఒకచోట పడుతుంది, ఇంకోచోట పడదు. రెండు మూడు రోజులు చూసి చూసి అమ్మ చేతిలోని చాట కింద పెట్టి వచ్చింది.

“ఈడ ఇయ్యండి. అట్ల అదిమితే యాడ తెగుతుంది?”

“నీకేం తెలుసే దీని సంగతి?”

“పురుగులకు ఆకు తరిగినదాన్ని నేను. నాకు తెలీదా?”

అమ్మ పుట్టిల్లు కెలమంగలం పక్కన. వాళ్లది పట్టుపురుగులు పెంచే ఇల్లు. గుడ్డులోంచి అప్పుడే బయటికొచ్చిన పురుగులకు మల్బరీ ఆకును దారాల్లా సన్నగా తరిగి వేయాలి. కత్తి మొద్దుబారితే ఆకు నలిగిపోతుంది, నలిగిన ఆకును పురుగు ముట్టదు. పెళ్లయ్యేదాకా ఆ ఇంట్లో ఆకుకత్తి నూరింది అమ్మే. ఇప్పుడు మళ్లీ సానరాయి మీద నీళ్లు చిలకరించి, కత్తిని రాతి మీద పడుకోబెట్టి, నిద్రపోతున్న బిడ్డ వీపు నిమిరినట్టు నిమిరింది. సాయంత్రానికి నాయన తన ముంజేతి మీద ఆనించి చూసుకున్నాడు. వెంట్రుకలు తాకీ తాకగానే రాలిపోయాయి. “ఓయమ్మా!” అని ఆయన వీధిలోకి పోయి, కనిపించినవాళ్లందరికీ బోడి ముంజెయ్యి చూపించి వచ్చాడు.

పిడి నా వంతుకు వచ్చింది. మంగలికత్తి పిడి అంటే రెండు పలుచని చెక్కలు. వాటి మధ్యలోకి కత్తి మడుచుకోవాలి, అంచు ఎక్కడా చెక్కకు తగలకూడదు. మొదట చింత చేవతో చేస్తే ఇత్తడి మేకు కొట్టేటప్పుడు పగిలింది. తర్వాత అమ్మ పుట్టింట్లో, మామ వాళ్ల గట్టు మీది ముసలి మల్బరీ మాను కొట్టేస్తుంటే ఒక మొద్దు తెచ్చుకున్నాను. కోసినప్పుడు పసుపుకొమ్ములా ఉండేది, ఎండ తగిలేకొద్దీ తేనెరంగుకు తిరిగేది. ఆకురాయితో అరగదీసి నేను ఇస్తే, నా భార్య గుడ్డతో నూనె పట్టించేది. నాకు షిఫ్టు లేని ఆదివారాలన్నీ అలా పెరట్లో గడిచాయి. నాయన అంగళ్లు తిరిగి ఏరుకొచ్చిన పాత కత్తులకు తుప్పు తీసేవాడు, అమ్మ నూరేది. అరుగు మీద నూనె వాసన, చెక్కపొట్టు వాసన, అమ్మ పెట్టిన రాగి అంబలి. హోసూరు చలికి అందరం కాస్త ఎండ కోసం జరుగుతూ కూర్చునేవాళ్లం.

నాయన మొదటి కత్తితోనే గడ్డం గీసుకోబోయి చెంప కోసుకున్నాడు. అప్పటి నుంచి ఆయనకు గడ్డం చేయడం అమ్మ పనైంది. మా నాయన మాటకారి. బస్సులో పక్కన కూర్చున్న మనిషి దిగిపోయినా మాట ఆపేవాడు కాదు. అమ్మ ఆయన గదవ పట్టుకుని, “కదలాకండి, మాట్లాడితే తెగుతుంది” అనేది. ఆయన కళ్లతోనే మా అందరికీ మొర పెట్టుకునేవాడు. ఆఖరి గీత గీసి, కత్తి తుడుస్తూ ఆమె “అయింది. ఇంక మాట్లాడండి” అనేది. అంతసేపు ఆపుకున్నదంతా ఒక్కసారిగా బయటికొచ్చేది.

ఒకసారి చుట్టాల పెళ్లికి సామల్పట్టికి పోయాం. నాయన అక్కడ ఒక సెలూన్‌లో, తనంత వయసున్న మంగలితో మాటలు పెట్టుకున్నాడు. ఆ పెద్దాయన సొరుగు లోపల వెతికి పిడి విరిగిన ఒక పాత కత్తి తీశాడు.

“ఇది మా నాయన కత్తప్పా. ఇప్పుడు కొత్త బ్లేడు పెడితేనే కుర్చీలో కూసుంటారు. ఊరికే పడుండాది. నువ్వు తీసుకపో. అద్దాల బీరువాలో మాత్రం పెట్టాకు, గడ్డం చేసుకో.”

“నూరే మనిషి మా ఇంట్లోనే ఉండాది లే” అన్నాడు నాయన గర్వంగా.

దానికి నేను చేసిన మల్బరీ పిడి నా చేతినుంచి వచ్చినవాటిలోకెల్లా మంచిది. అమ్మ ఆ తర్వాత నాయనకు వేరే కత్తి వాడలేదు.

ఒక వానకాలం నాయనకు పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి పడిపోయింది, మాట పడిపోయింది. ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చేసరికి తెల్ల గడ్డం మెడదాకా పెరిగి, ఎవరో తెలియని ముసలాయనలా ఉన్నాడు. నేను ట్రిమ్మర్ తెస్తానన్నాను.

“వద్దు నాయనా, ఆదివారం రానీ” అంది అమ్మ.

ఆదివారం పొద్దున కత్తిని తోలు పట్టీ మీద అటూ ఇటూ రాసి పదును తెచ్చి, వేడినీళ్లతో మంచం పక్కన కూర్చుంది. ఒక చెంప జారిపోయి ఉంది. దాన్ని వేళ్లతో బిగబట్టి మెల్లగా గీసింది. అంతా అయ్యాక కత్తి తుడుస్తూ, అలవాటు కొద్దీ, “అయింది. ఇంక మాట్లాడండి” అంది. అనేసి చెయ్యి ఆపేసింది. నేను గోడవైపు తిరిగాను.

నాయన పెదవులు కదిలాయి. గొంతులో ఏదో గురగుర వచ్చింది, ఆగింది, మళ్లీ వచ్చింది. అమ్మ వంగి చెవి పెట్టి, చివరిదాకా విని, “అవునవును” అంది.

“ఏమంటాండాడమ్మా?”

“సామల్పట్టి పోవాలంట. ఆ పెద్దాయనకు కత్తి చూపించాలంట.”

ఆయన నిజంగా ఆ మాటే అన్నాడో లేదో నాకు తెలియదు. కానీ నాయన తల ఊపాడు. తర్వాత వచ్చిన ప్రతి ఆదివారం అలాగే జరిగింది. గడ్డం అయ్యాక ఆయన మాట్లాడేవాడు, అమ్మ విని మాకు చెప్పేది. కావేరిపట్టణం దగ్గర ఏట్లో నీళ్లు వచ్చినాయా అని అడుగుతున్నాడట. నా పిడికి నూనె చాల్లేదట. ఆ మాటలు వినడానికే నేను ఆదివారం ఓవర్‌టైం మానేశాను.

మామిడి పూత రాలే రోజుల్లో ఆయన పోయాడు.

అమ్మ కత్తులన్నింటికీ నూనె రాసి, తన పాత చీరముక్కల్లో చుట్టి అటక మీద పెట్టించింది. చాలాకాలం ఆ ఊసే ఎవరం ఎత్తలేదు. ఆదివారాలు వచ్చి పోయేవి. పెరట్లో ఎండ ఖాళీగా పడుండేది. ఎక్కడైనా తడిసిన రాయి వాసన వస్తే నేను అక్కడే నిలబడిపోయేవాణ్ణి.

కిందటేడు ఒకరోజు నేను అద్దం ముందు ప్లాస్టిక్ రేజర్‌తో గీక్కుంటుంటే అమ్మ చెంబు పట్టుకుని వచ్చింది.

“కూసో. అది పారెయ్యి.”

సామల్పట్టి కత్తిని ఎప్పుడు దించిందో, ఎప్పుడు నూరిందో నాకు తెలియదు. పెరట్లో కూర్చోబెట్టి, నురగ రాసి, చెంప మీద మొదలుపెట్టింది. ఆమె వేళ్లు చల్లగా ఉన్నాయి. గదవ కిందికి వచ్చేసరికి కత్తి కొంచెం పక్కకు తిరిగి ఆగిపోయింది.

“మీ నాయనకు ఈడ సుడి ఉండె,” అంది. “కత్తిని తిప్పి గీయాల్సి ఉండె. నీకు సుడి లేదు. నా చెయ్యే దానంతటది తిరిగిపోతాంది.”

ఆమె చెంగుతో కళ్లు తుడుచుకుని, మిగిలిన సగం పూర్తి చేసింది. రెండోసారి గీసేటప్పుడు కూడా ఆ చోటికి రాగానే చెయ్యి తిరిగింది.

తర్వాతి ఆదివారం నేనే నీళ్లు కాచుకుని పెరట్లో కూర్చుని, అమ్మను పిలిచాను.