ఫ్యాను తిరిగిన వ్యాను

గ్రూపు డాన్సర్లకు జడలు వేసే పని నాది. తొంభైల మొదట్లో ఫిలింనగర్ వెనకాల ఇంకా బండరాళ్లే ఎక్కువ. ఆ రాళ్ల మధ్య పాట తీస్తుంటే హీరోకి, హీరోయిన్‌కి జూబ్లీహిల్స్‌లో ఎవరిదో బంగళాలో చల్లటి గదులు. మా అమ్మాయిలు ఆరుగురికీ కలిపి ఒక రేకుల వ్యాను. పాట ఒక్కటే అయినా బట్టలు నాలుగు జతలు మార్చాలి. మే నెల ఎండలో కిటికీలు మూస్తే లోపల ఉడికిపోవాలి. తెరిస్తే యూనిట్‌లో మగాళ్లందరికీ సరిగ్గా అటువైపే ఏదో పని పడేది. ఎన్నిసార్లు మొత్తుకున్నా ప్రొడక్షన్ మేనేజరుది ఒకటే జవాబు: "సర్దుకోండమ్మా." ఆ మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. జనరేటర్ కరెంటు షూటింగ్ లైట్లకేనట. ఇంజన్ ఆన్‌లో ఉంచడానికి డీజిల్ ఇవ్వరట. సర్దుకోవడం ఒక్కటే మాకు మిగిల్చారు.

మా వ్యాను డ్రైవరుది ఎర్రగడ్డ. వ్యాను కంపెనీది, చేతి పనితనం మాత్రం అతనిది. ఏదో ఆఫీసువాళ్లు పాత సామాను అమ్మేస్తుంటే ఒక సోలార్ ప్లేటు కొనుక్కొచ్చాడు. దాన్ని వ్యాను పైన కారియర్‌కి బిగించి, సీటు కింద విడిగా ఒక బ్యాటరీ పెట్టి, కార్లలో వాడే చిన్న ఫ్యాన్లు రెండు, ఒక బల్బు తగిలించాడు.

"ఇంజన్ బంద్ ఉన్నా తిరుగుతయి అక్కా. బండిని జర ఎండల నిలబెట్టాలె, గంతే" అన్నాడు.

నిజంగానే తిరిగాయి. అద్దాలు మూసుకుని, గొళ్లెం పెట్టుకుని, అమ్మాయిలు తీరిగ్గా బట్టలు మార్చుకోవడం నేను అప్పుడే చూశాను. మిగతా బళ్లన్నీ నీడ కోసం కొట్టుకుంటుంటే మాది వెళ్లి ఎర్రటి ఎండలో నిలబడేది. లైట్‌మెన్ నవ్వేవారు. నవ్వనీ, మాకేం!

ఒకరోజు పొద్దుపోయేదాకా పాట సాగి బ్యాటరీ అడుగంటింది. మర్నాడు పొద్దున డ్రైవరు వ్యానుని ఎండకి పెట్టాడు, మధ్యాహ్నానికి మళ్లీ నిండుతుందన్నాడు. అంతలో మేనేజరు అతన్ని వేరే బండిలో భోజనాలు తెమ్మని పంపాడు. పదకొండింటికి మూడో జత వేసుకోవడానికి అమ్మాయిలు లోపలికెళ్లి గొళ్లెం పెట్టుకున్నారు. కాసేపటికి లోపలి నుంచి కేక. లోపలివాళ్లు గొళ్లెం తీస్తే ఒక పిల్ల సగం కట్టిన పరికిణీతో నేల మీద పడి ఉంది. కళ్లు తేలేసింది. ఫ్యాన్లు రెండూ ఆగిపోయి ఉన్నాయి. నీళ్లు చల్లుతుంటే మేనేజరు వచ్చాడు, అతని నెత్తిన ఇంకో మనిషి పట్టిన గొడుగు.

"కెమెరా ముందు రాని యాక్టింగ్ ఇక్కడ బాగా వస్తోందే" అన్నాడు.

నేను వెనక నిచ్చెన పట్టుకుని వ్యాను పైకెక్కాను. సోలార్ ప్లేటు కనబడితేగా! మందపాటి టార్పాలిన్ కప్పి, నాలుగు మూలలా తాళ్లు బిగించి కట్టేశారు.

"ఇది ఎవరు కప్పారు?" అని పైనుంచే అరిచాను.

"నేనే కప్పించాను. ఖరీదైన వస్తువమ్మా, ఎండలో మాడిపోతుంటే చూస్తూ ఊరుకుంటానా?"

సినిమావాళ్లకి విలువైనదేదైనా ఎండ నుంచి కాపాడటమే అలవాటు. కెమెరాకి గొడుగు, ఫిల్మ్ డబ్బాలకి తడి గోనె, హీరోకి రెండు గొడుగులు. ఎండ తినే వస్తువుకి కూడా నీడ పట్టాడు ఆ మహానుభావుడు! లోపల ఆరుగురు ఆడపిల్లలున్నారే, వాళ్లకి నీడ పట్టాలని ఆ బుర్రకి ఒక్కసారీ తోచలేదు. ఆ మాటే అన్నాను, ఇంకా కటువుగా అన్నాను. తాళ్లు విప్పి టార్పాలిన్ అతని కాళ్ల దగ్గరికి విసిరేశాను. కింద ఫ్యాన్లు గిర్రున తిరిగాయి, అమ్మాయిలు చప్పట్లు కొట్టారు.

అవమానం మేనేజరుకి అరగలేదు. సాయంత్రం అందరి ముందూ డ్రైవరుని పిలిచి, ప్లేటు, బ్యాటరీ, ఫ్యాన్లు ఊడదీసి హీరోగారి మేకప్ బండికి బిగించమన్నాడు.

"గిది నా సొంతం సార్. ఈ పిల్లల కోసం పెట్టిన. వేరే బండికి ఇయ్య" అన్నాడు డ్రైవరు.

"అయితే నువ్వూ నీ ప్లేటూ రేపట్నుంచి రానక్కర్లేదు."

డ్రైవరు మా వైపు చూశాడు. ఆరుగురు అమ్మాయిలూ, నేనూ అక్కడే ఉన్నాం. రేపు అతను లేకపోతే మేమూ రాం అని ఒక్క మాట అనాలి. పొద్దున వ్యానెక్కి అరిచిన నోరే నాది. పాట ఇంకా రెండు రోజులుంది, పిలిస్తేనే మాకు పని, పిలిచేది మేనేజరు. జడ పిన్నులు డబ్బాలో సర్దుకుంటూ తల వంచుకున్నాను. అతను పైకెక్కి మరలు విప్పుకున్నాడు.

మర్నాడు కొత్త డ్రైవరుతో వచ్చిన వేరే వ్యానుకి కిటికీ అద్దాలే లేవు. లోపల ఇద్దరు మార్చుకుంటుంటే ఇద్దరం కిటికీలకి చీరలు అడ్డం పట్టాం. మేనేజరుని తిడుతూనే పట్టాను. ముప్ఫై ఏళ్లుగా ఈ సంగతి ఎవరికి చెప్పినా అతన్నే తిడుతూ వచ్చాను. నేను తల వంచుకున్న సంగతి మాత్రం ఇవాళే చెబుతున్నాను.