సముద్రపు పురుగులకు ఉప్పు

తెలంగాణ వచ్చిన కొత్త రోజులవి. అప్పటికే యాభై దాటిన మనిషి వాటిని పడుచు రోజులంటే నవ్వుతారు గానీ, రాత్రి బడిలో అక్షరాలు దిద్దింది అప్పుడే, మొదటి నౌకరీ అప్పుడే, కడుపుమంట కూడా ఆ పడుచుతనానికి తగ్గట్టే ఉండేది. నార్కట్‌పల్లి రోడ్డు పక్కన ఒక చిన్న కంపెనీలో సీసాలు కడిగే పని దొరికింది. నాతోపాటు మా యారాలికీ దొరికింది (మా మరిది భార్య, వెంట తీసుకుపోయింది నేనే, నా తలరాత!). అక్కడ సముద్రం నుంచి తెచ్చిన, కంటికి కనబడని పురుగులను పెంచేవారు. సముద్రపు నాచులోని జిగురును తినడానికి అవి ముందు ఏదో రసం వదిలి దాన్ని కరిగిస్తాయట. ఆ రసమే ఎంజైము, మందుల తయారీకి పనికొస్తుందట. ఉమ్మికి ఇంత మర్యాదా అనుకున్నాను. మేము రేకుల కింద చెమటలు కక్కుతుంటే వాటికి ఏసీ గది! నేను మొదట కుళ్లుకున్నది ఆ పురుగులను చూసే.

ఇంతలో వాటికి మేత వండే గదిలోకి ఒక మనిషి కావాలన్నారు. తెల్లకోటు ఇస్తారట, జేబు మీద పేరు కుట్టి ఉంటుందట. రాయడం వచ్చిన నాటి నుంచి నా పేరును గోడ మీద, బూడిదలో, జల్లించిన పిండి మీద కూడా రాసుకున్నదాన్ని. కోటు మీద చూసుకోవాలని ప్రాణం కొట్టుకుంది. యారాలికి అక్షరం రాదు. పైగా ఆమె చేతికి ఉప్పెక్కువని ఊరంతా ఎరిగినదే. "జర చెయ్యి గుంజుకోవే, మమ్ముల సంపుతవా?" అని మా అత్త అరవని పూట లేదు. ఆ అరుపు వింటూ నేను ఒక ముద్ద ఎక్కువే తినేదాన్ని. ఇక కోటు నాదే!

ఆ పురుగులను పెంచే మేడం ఇద్దరికీ చెరో సీసా ఇచ్చి నీళ్లు, నాచు, ఉప్పు ఎంతెంత వేయాలో చూపించింది. ఆ ఉప్పు కుప్ప చూసి, పాపం పట్నం పిల్ల, వంట రాదనుకున్నాను. యారాలు చూపించినంతా వేసి, అలవాటు కొద్దీ ఇంకో చిటికెడు విసిరింది. నేను మాత్రం పప్పులో వేసినట్టు ఒద్దికగా వేశాను. ఉడికి చల్లారాక మేడం రెండింట్లో పురుగుల చుక్క వేసి ఏసీ గదిలో పెట్టింది.

మర్నాడు చూస్తే నా సీసా తేటగా, నాచుముక్కలు అడుగున కనబడుతూ ముచ్చటగా ఉంది. యారాలిది కుడితిలా అయింది, వాసన కూడా. సంతోషం ఆపుకోలేక అరిచాను.

"మేడం, దీంది ఖరాబయింది, సూడుండ్రి!"

"ఖరాబే కావాలె పెద్దమ్మా. పురుగులు పెరిగి నాచు తిన్నయి. నీ సీసాల అన్నీ సచ్చిపోయినయి. ఉప్పెంత ఏసినవ్?"

"మనిషి తినేటంత."

"తినేది మనిషి గాదు గదా! సముద్రపుయి, ఉప్పు లేకుంటే బతకయి."

ఏళ్ల తరబడి మా అత్త తిట్టిన ఆ చెయ్యిని మేడం పట్టుకుని ఊపుతుంటే, నేను నా చచ్చిన సీసా కడుక్కున్నాను.

కోటు వచ్చింది. యారాలు దాన్ని తొడుక్కుని నేరుగా నా దగ్గరికే వచ్చింది. "అక్కా, జేబు మీద ఏం రాసిండ్రో సదువరాదూ." మా సీసాలు కడిగేవాళ్లలో చదువొచ్చింది నాకొక్కదానికే మరి. కూడబలుక్కుని ఆమె పేరు చదివాను. "ఇంకోపాలి సదువక్కా," అంది, కళ్లు మూసుకుని. మళ్లీ చదివాను. నా పేరైనా అంత గట్టిగా ఎన్నడూ చదవలేదు.

ఇప్పుడు ఇద్దరం పని మానేశాం. దవాఖానలో నాకు ఉప్పు తగ్గించమన్నారు. యారాలు రోజూ కూర తెచ్చి, "నీ కోసం సప్పగ వండిన, తిను అక్కా" అంటుంది. నోట్లో పెట్టుకుంటే గడ్డి నమిలినట్టే. చిటికెడు ఉప్పు వెయ్యవే అని అడగాలని ఉంటుంది. కానీ ఆ తెల్లకోటు గుర్తొస్తుంది. ఉప్పు కోసం ఈమెను అడగడమా! చప్పరిస్తూ, నవ్వుకుంటూ, గిన్నె ఖాళీ చేస్తాను.