ఫొటో కోసం లేపిన స్కోపు

తుపాకీ కర్రకు చెంప ఆనించి, కళ్ళు మూసి తెరిచాను. పైన గురి చూడటానికి బిగించిన స్కోపులో ఏమీ లేదు. ఎదురుగా ఉన్న గోడ లేదు, గోడమీది కృత్రిమ గర్భధారణ పోస్టరు లేదు, పోస్టరులో నవ్వుతున్న గేదె లేదు. అంతా నలుపు. గడ్డం కర్ర మీంచి లేపి, కొంగలాగా మెడ సాచితే అప్పుడు కనిపించింది గేదె. ఆ రోజు చీకటి పడేలోగా అదే తుపాకీతో నేనొక దున్నపోతును కొట్టాలి. ప్రమాదం ఉందని నాకు మొట్టమొదట తెలిసింది అక్కడే, మచిలీపట్నంలో మా శాఖ స్టోరు వరండాలో, దున్నపోతుకు ఎంతో దూరంగా.

కరోనా సద్దుమణిగిన తర్వాత వచ్చిన చలికాలం అది. దివిసీమలో, నాగాయలంక అవతల ఒక పశువుల ఆసుపత్రిలో నేను వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్‌ను. హోదా గెజిటెడ్‌ది. పని మాత్రం చాలావరకు గేదెల వెనక నిలబడి చేసేది. పెద్దవాడికి ఐదేళ్ళు, పాపకు పది నెలలు. మా ఆయన గుడివాడ కాలేజీలో లెక్చరరు, శనివారం వచ్చి సోమవారం వెళ్ళే మనిషి. పిల్లలు మా అత్తగారి దగ్గర ఉండేవారు. తర్వాత కొంతకాలానికి ఆ ఉద్యోగం మానేశాను. రిటైరయ్యారా అని ఎవరైనా అడిగితే అవునంటాను. నా మొహం చూసి నమ్మేస్తున్నారు. ఇప్పుడు పిల్లలు పడుకున్నాక, గడియ వేశానో లేదో రెండోసారి చూసొచ్చి ఇది రాస్తున్నాను.

దున్నపోతు పేరు సమ్సోను. ముర్రా జాతి, నల్లరాయిలాంటి ఒళ్ళు. యజమాని రత్నకుమారి గారు. భర్త పోయాక ఆ దున్నపోతు మీదే ఇల్లు నడుపుతున్న మనిషి. చుట్టుపక్కల ఊళ్ళ గేదెలు ఎదకొస్తే ఆమె వాకిట్లోకి తోలుకొచ్చేవారు. నేను సూదితో చేసే పనిని సమ్సోను స్వయంగా చేసేవాడు. కాబట్టి మా ఇద్దరిదీ వృత్తిరీత్యా పోటీ. ఫలితాల్లో అతనిదే పైచేయి.

ముందురోజు పొద్దున అతను ముక్కుతాడు తెంపుకున్నాడు. పట్టుకోబోయిన రత్నకుమారి గారి మరిదికి మెడ దగ్గరి ఎముక విరిగింది. తర్వాత చేపల చెరువు కాపలావాణ్ణి తరిమితే అతను బట్టలతో సహా చెరువులో దూకాడు. ఆపైన సమ్సోను రెండు చెరువుల మధ్య గట్టెక్కి, దగ్గరికొచ్చిన ప్రతివాడిమీదికీ కొమ్ములు దించుతూ అక్కడే ఉండిపోయాడు. పిచ్చికుక్క కరిచిందని ఊరంతా తీర్మానించింది. కుక్కను చూసినవాళ్ళు మాత్రం ఎవరూ లేరు.

ఎస్సై గారు సభ్యత గల మనిషి. "చీకటి పడేదాకా ఆగుతాను మేడమ్. ఆ తర్వాత నా తుపాకీ, నా బాధ్యత," అన్నారు. రత్నకుమారి గారు నన్ను పక్కకు పిలిచి అడిగారు.

"డాక్టరమ్మ గారూ, నిజం చెప్పండి. మీ సూదికి అడ్డమొస్తున్నాడనేగా నా సమ్సోన్ని చంపిస్తున్నారు?"

"చంపించడానికైతే నేను పట్నం దాకా ఎందుకెళ్తానండీ? మత్తు తుపాకీ తేవడానికి వెళ్తున్నాను."

"అయితే తొందరగా రండి. వాడు నిన్నట్నుంచి ఏమీ తినలేదు."

మత్తు తుపాకీ గురించి రెండు మాటలు. అందులో గుండు ఉండదు. వేలెడు లావున్న గొట్టంలాంటి సిరంజి ఉంటుంది, వెనక కుచ్చు, ముందు సూది. గ్యాసు ఒత్తిడితో ఎగిరివెళ్ళి కండలో గుచ్చుకుంటే మందు దానంతటదే లోపలికి దిగుతుంది. కండలోనే గుచ్చుకోవాలి. ఎముకకు తగిలితే వంగి పడిపోతుంది. పొట్టలో దిగితే పశువు దక్కదు. మందు సగమే ఎక్కితే మత్తు రాదు, కోపం వస్తుంది. పోనీ సరిగ్గానే ఎక్కింది, పశువు తూలుతూ చెరువులోకి నడిచింది, అప్పుడు మునిగి చచ్చిపోతుంది. అంటే ఒకే దెబ్బ, సరైన కండలో, సరైన చోట. జిల్లాకంతటికీ ఉన్న ఆ ఒక్క తుపాకీ మచిలీపట్నం స్టోరులో ఉండేది.

స్టోరు కీపరు సుబ్బారావు గారిని అడిగాను, స్కోపు ఇంత ఎత్తులో ఎందుకు బిగించారని.

"అది ఫొటో ఎత్తండీ," అన్నారాయన.

"ఫొటో ఎత్తేమిటండీ?"

"తుపాకీ వచ్చిన రోజు పేపరువాళ్ళొచ్చారు. పెద్ద డాక్టరు గారు గురిపెట్టి నిలబడ్డారు. చెంప నొక్కుకుపోయి మొహం వంకరగా పడుతోందన్నారు వాళ్ళు. తల నిటారుగా ఉండాలని స్కోపును తుపాకీకి పట్టి ఉంచే రింగులు పెద్దవి వేయించాం. ఏం ఫొటో వచ్చిందండీ! లోపల ఫ్రేము కట్టించాం, చూస్తారా?"

"ఆ తర్వాత దీంతో ఎవరైనా కొట్టారా?"

"ఎందుకు కొడతారండీ? ఫొటో వచ్చేసిందిగా."

గడ్డిబస్తా ఒకటి ఇరవై మీటర్ల దూరంలో పెట్టి, నీళ్ళు నింపిన సిరంజితో కొట్టి చూశాను. మొదటిది బస్తా అంచుకు గీసుకుని పోయింది. రెండోది సుబ్బారావు గారి స్కూటరు సీటులో దిగింది. ఆయన మొహంలోంచి ఫొటో తాలూకు సంతోషం అంతా పోయింది. "కొత్త సీటండీ," అన్నారు, అంతే.

తప్పు తుపాకీది కాదు. చెంప కర్రకు గట్టిగా ఆనితేనే కన్ను ప్రతిసారీ ఒకే చోట ఉంటుంది. స్కోపు మరీ ఎత్తులో ఉంటే తల గాలిలో వేలాడుతుంది. గాలిలో ఉన్న తల ఒకసారి ఉన్నచోట ఇంకోసారి ఉండదు, కన్ను కదిలిన ప్రతిసారీ గురి కదులుతుంది. ఇది సవరించకుండా వెళ్ళడమంటే చెరువుగట్టు మీద లాటరీ టిక్కెట్టు గీకడమే.

పెట్టె స్పాంజిలో ఇంకా రెండు జతల రింగులున్నాయి, చిన్నవి, మధ్యరకానివి. మరలు తిప్పే అలెన్ కీ మాత్రం లేదు. పక్కనే లేతు షెడ్డు నడిపే కరీం భాయిని అడిగితే అలెన్ కీల గుత్తి, మందాలు కొలిచే వెర్నియరు రెండూ ఇచ్చారు. "డాక్టరమ్మా, దున్నపోతు కొలతలకి ఇది చాలదేమో," అని కూడా అన్నారు. సరిగ్గా అప్పుడే ఎస్సై గారి ఫోను.

"మేడమ్, ఎక్కడిదాకా వచ్చారు?"

"ఇక్కడే ఉన్నానండీ. స్కోపు ఎత్తు సరిచేస్తున్నాను."

"అద్దాలు తర్వాత బిగించుకోవచ్చు, ముందు బయల్దేరండి. ఇక్కడ జనం పల్లీలు కొనుక్కుని మరీ కూర్చున్నారు."

నేను పెనం పొయ్యి మీద పెట్టి గడప దాటినా ఇల్లు కాలిపోయినట్టు ఊహించుకునే మనిషిని. ఆలస్యమైతే సమ్సోను పోతాడు. తొందరపడితే సిరంజి ఎక్కడ దిగుతుందో తెలియదు. రెండు భయాల్లో కొలవడానికి వీలున్నది రెండోది. "గంటలో బయల్దేరతాను," అని ఫోను పెట్టేశాను.

ఎత్తు అంటే స్కోపు గొట్టం నడిమధ్య నుంచి తుపాకీ గొట్టం నడిమధ్యకు ఉండే దూరం. నడిమధ్యలో వెర్నియరు పెట్టలేం కదా. అందుకని స్కోపు గొట్టం పైఅంచు నుంచి తుపాకీ గొట్టం కిందిఅంచు దాకా కొలిచాను. ఎనభై ఒకటిన్నర మిల్లీమీటర్లు. అందులోంచి స్కోపు గొట్టం మందంలో సగం, పన్నెండున్నర, తుపాకీ గొట్టం మందంలో సగం, పదకొండు తీసేస్తే యాభై ఎనిమిది. అదీ పెద్ద డాక్టరు గారి పరువు ఎత్తు. ఇక ఎంత కిందికి దించవచ్చో చూడాలి. స్కోపు ముందుభాగం గంటలా వెడల్పుగా ఉంటుంది. అది తుపాకీ గొట్టాన్ని తాకకూడదు, తాకితే మరలు బిగించినకొద్దీ స్కోపు వంగుతుంది. గంట మందంలో సగం ఇరవై నాలుగు, దానికి పదకొండు కలిపితే ముప్పై ఐదు. అంతకంటే తగ్గితే కుదరదు. చిన్న రింగులు వేస్తే కింద కాయితం ముక్క కూడా దూరలేదు. మధ్యరకం వేసి మళ్ళీ కొలిస్తే నలభై వచ్చింది. కాయితం హాయిగా అటూ ఇటూ తిరిగింది.

వరండా దూలానికి బరువు కట్టిన దారం వేలాడదీసి, స్కోపులోని నిలువుగీత ఆ దారంతో కలిసేలా తిప్పి, మరలు ఒకటి ఇటు ఒకటి అటు కొంచెం కొంచెంగా బిగించాను. కళ్ళు మూసి, చెంప ఆనించి, తెరిచాను. ఈసారి గేదె కనిపించింది కానీ కిందిపక్క నెలవంకలా నల్లటి మరక. ఆ కర్ర ఆరడుగుల మగవాడి దవడకు చేసింది. నా దవడకు ఇంకాస్త ఎత్తు కావాలి. హ్యాండ్‌బ్యాగులో పాప డైపరు ఉంది. మడతపెట్టి కర్రమీద వేసి ఆసుపత్రి టేపుతో చుట్టాను. కళ్ళు తెరిస్తే వలయం నిండుగా, గేదె నవ్వు నిండుగా. "ప్రభుత్వ ఆస్తికి డైపరు..." అని సుబ్బారావు గారు గొణిగారు. కొత్తదేలెండి అన్నాను.

ఎత్తు మారితే పాత గురి పనికిరాదు. మళ్ళీ బస్తా పెట్టి, స్కోపు మరలు సవరిస్తూ కొడితే చివరి మూడు సిరంజిలూ అరచేతిలో పట్టేంత చోట పడ్డాయి. దగ్గర్నుంచి, పది మీటర్ల నుంచి కూడా కొట్టి చూశాను. గురిపెట్టిన చోటికి బెత్తెడు పైన తగిలింది. అలా తగలాల్సిందే. సిరంజి నెమ్మదిగా పోయే వస్తువు. ఇరవై మీటర్లు చేరాలంటే విసిరిన బంతిలాగా మొదట పైకి లేచి తర్వాత దిగాలి. సగం దారిలో ఉన్నప్పుడు అది మన చూపుకంటే పైన ఉంటుంది. ఆ బెత్తెడు మనసులో పెట్టుకుని జీపెక్కాను.

చల్లపల్లి, మోపిదేవి మీదుగా వెళ్ళేసరికి ఎండ పచ్చబడింది. గట్టు సన్నగా ఉంది, రెండు పక్కలా నీళ్ళు. అక్కడ కొడితే చెరువులోకే పడతాడు. గట్టు మొదట్లో చేపల మేత దింపే వెడల్పాటి మెరక ఉంది, అక్కడికి రావాలి. నేను ఆ మెరక ఇవతల ట్రాక్టరు ట్రక్కు వెనక తుపాకీ ఆనించి కూర్చున్నాను. ఎస్సై గారు నా వెనక తన తుపాకీతో నిలబడ్డారు. రత్నకుమారి గారు తవుడు కలిపిన నీళ్ళ బకెట్టు పట్టుకుని ఎవరి మాటా వినకుండా మెరక మీదికి వెళ్ళారు.

"వెనక్కి రండి!" అని అరిచాను.

"మీ పని మీరు చూసుకోండి డాక్టరమ్మ గారూ," అని, అటు తిరిగి, "ఏరా సన్నాసీ, మీ బాబాయి ఎముక విరగ్గొట్టావు కదరా. పోనీ, మంచిపనే చేశావులే, వాడు నాలుగు రోజులు పేకాటకి పోడు. రా, తవుడు తాగు," అన్నారు.

సమ్సోను వచ్చాడు. పరిగెత్తలేదు, తల పక్కకు వంచి, ఒక్కో అడుగూ వేస్తూ వచ్చాడు. నేను అనుకున్న చోట ఆగలేదు. బకెట్టు దింపి ఆమె వెనక్కి జరుగుతుంటే అతనూ ముందుకు జరిగి, నాకు పది మీటర్ల దగ్గరికి వచ్చేశాడు. అంత దగ్గర్లో దెబ్బ మరీ గట్టిగా తగలకుండా గ్యాసు ఒత్తిడి తగ్గిద్దామంటే శబ్దమవుతుంది. వెనక ఎస్సై గారి తుపాకీ పేలడానికి సిద్ధమై టక్కుమంది. మూతి బకెట్టులో పెట్టి సమ్సోను తాగడం మొదలుపెట్టాడు. ఒక గుక్క, రెండు గుక్కలు, గొంతు దిగడం కనిపిస్తోంది. పిచ్చిరోగం వచ్చిన పశువు అలా మింగలేదు. "ఆగండి, తాగుతున్నాడు," అన్నాను గుసగుసగా. ఎస్సై గారు ఆగారు.

పక్కకు తిరిగి ఉన్నాడు. చెంప డైపరుకు ఆనింది. వలయం నిండుగా ఉంది. మెడకూ భుజానికీ మధ్య కండ, అరచేయంత. అక్కడ గురిపెట్టి, బెత్తెడు కిందికి దించి, నొక్కాను.

కుచ్చు మెడ కండలో ఊగుతూ కనిపించింది. సమ్సోను తల ఎత్తి అందరినీ వరుసగా చూశాడు, ఎవరిమీదా పెద్దగా అభిప్రాయం కలగనట్టు మళ్ళీ బకెట్టులో మూతి పెట్టాడు. కాసేపటికి ముందుకాళ్ళు మడిచి మెరక మీదే కూర్చున్నాడు. గడ్డిబస్తాలు రెండువైపులా ఆసరా పెట్టి, కళ్ళకు గుడ్డ కట్టి, ముక్కు చూశాను. తాడు కోసుకుపోయిన చోట నిండా పురుగులు. పిచ్చీ లేదు, కుక్కా లేదు. అలాంటి ముక్కు దగ్గరికి చెయ్యి తెస్తే నేనైనా ఎముకలు విరగ్గొడతాను. పురుగులు తీసి, కడిగి, మందు పెట్టి, కాళ్ళకు తాళ్ళు కట్టించాక మత్తు విరుగుడు ఇచ్చాను.

అతను లేచి నిలబడ్డాక రత్నకుమారి గారు బకెట్టు చేతికి తీసుకున్నారు. "ఇన్నాళ్ళకి మీ సూది ఒకటి పనిచేసిందండీ," అన్నారు. అది కృతజ్ఞతేనని నా నమ్మకం.

తుపాకీ మధ్యరకం రింగులతోనే తిరిగి ఇచ్చాను, డైపరు మాత్రం తీసేశాను. మా జిల్లా అధికారి, ఆ పెద్ద డాక్టరు గారు ఫోను చేసి, పేపరువాళ్ళు మళ్ళీ వస్తారు, పాత రింగులు వేయించమన్నారు. ఫొటోకి ఖాళీ తుపాకీ అయినా సరిపోతుంది సార్, స్కోపు తీసేసి పట్టుకోండి అన్నాను. ఆ ఏడాది నా పనితీరు 'సంతృప్తికరం' అని మాత్రమే రాశారు.

నేర్చుకున్నది ఇంతే. పనిముట్టు ఎవరికి సరిపోయేలా బిగించి ఉందో చూసుకోకుండా చేత పట్టకూడదు. మారిస్తే మళ్ళీ కొలవాలి, కొలిచాక మళ్ళీ కొట్టి చూడాలి. తొందరపెట్టేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. తప్పు జరిగితే వాళ్ళే ముందు ఇంటికి వెళ్తారు.

మర్నాడు పొద్దున పాప నా ఒళ్ళో పాలసీసా పట్టుకుని ఉంది. పెద్దవాడు స్కూలు బూట్లు చేత్తో పట్టుకుని వచ్చి, నీకు భయమేసిందా అమ్మా అని అడిగాడు. వేసిందన్నాను. మరి ఏం చేశావన్నాడు.

"భయమేస్తే కొలుచుకోవాలిరా. నువ్వు పాలు తాగు పాపా, కొలుచుకోవడానికి నీకింకా టైముంది. ఒరేయ్, ఆ బూట్లు కుడిది ఎడమకాలికి వేస్తున్నావు. ఆటోవాడు హారన్ కొడితే కొట్టనీ. విప్పి, సరిగ్గా వేసుకో."